లార్క్ గొందికి గాలి వచ్చిన వైనం

లార్క్ గొందిలో ఎవరు పోయినా ముందు కబురు వెళ్ళేది డోర్కస్ హెస్కెత్‌కే. పాదిరీకి, పెట్టె చేసే వడ్రంగికి ఆ తర్వాతే. ఆమె చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఉతికిన గుడ్డ నడుముకి చుట్టుకుని, బొచ్చెడు గోరువెచ్చటి నీళ్ళతో వచ్చేది. పోయినవాళ్ళ ఒళ్ళు కడిగి, కళ్ళు మూసి, దవడ జారకుండా గుడ్డ కట్టి, తల దువ్వి, రెండు చేతులూ రొమ్ము మీద కలిపి పెట్టేది. పసిపిల్లలైతే ఒళ్ళో పెట్టుకునే కడిగేది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. మిగతా రోజుల్లో పెద్దిళ్ళ బట్టలు ఇస్త్రీ చేసి బతికేది.

లివర్‌పూల్‌లో అలాంటి గొందులు ఎన్నో ఉన్నాయి. ఎదురెదురుగా నాలుగేసి ఇళ్ళు. ఈ గడపలో ఒకరు, ఆ గడపలో ఒకరు నిలబడి చేతులు చాపితే వేళ్ళు తగులుతాయి. వీధి వైపు మూడంతస్తుల ఇళ్ళు రెండు గొందికి అడ్డంగా నిలబడి ఉండేవి. వాటి కింద మనిషి తల వంచుకుని వెళ్ళాల్సిన సొరంగంలాంటి దారి ఒకటి. రెండో చివర బీరు కాసే కార్ఖానా గోడ. ఆ గోడకి ఆనించి రెండు మరుగుదొడ్లు, గొంది మొత్తానికి ఒకే ఒక్క నీళ్ళ కుళాయి. డోర్కస్ ఉండేది ఆ చివరే, ఎనిమిదో నంబరులో.

సొరంగం మీది ఇంట్లో హనోరా కీయో ఉండేది. కరువు కాలంలో ఐర్లండ్ నుంచి ఓడ దిగి వచ్చిన మనిషి. నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. మొగుడు ఓడరేవులో సరుకు మీద పడి పోయాడు. పిల్లలు నలుగురూ బతికి బట్టకట్టారు. డోర్కస్‌కి పుట్టిన ముగ్గురిలో ఒక్కరూ మిగల్లేదు. "మీ మేరీమాత గట్టిదే, మా దేవుడికే వినపడదు," అని డోర్కస్ అప్పుడప్పుడూ అనేది. "అరిచి అడగాలే పిచ్చిదానా, నువ్వు గొణుగుతావు," అనేది హనోరా. పంతొమ్మిదేళ్ళ స్నేహం వాళ్ళది.

కలరా వచ్చి వెళ్ళిన ఏడు, అక్టోబరులో ఒక పొద్దున, నగరపాలక సంఘం పంపిన ఆరోగ్య తనిఖీదారు ఏమస్ రిమ్మర్ గొందిలోకి వచ్చాడు. పొట్టి మనిషి, బురద బూట్లు, చంకలో ఒక అట్ట. అంతకుముందు వచ్చిన అధికార్లు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని సొరంగం దగ్గరే నిలబడి ఏదో రాసుకుని పోయేవాళ్ళు. ఇతను రుమాలు తీయలేదు. తిన్నగా చివరిదాకా నడిచి, మరుగుదొడ్ల తలుపులు తెరిచి చూసి, ఎనిమిదో నంబరు తలుపు తట్టాడు.

"అమ్మా, ఈ గొందిలో పాతకాపు మీరేనట కదా."

"ఎవరు చెప్పారయ్యా?"

"ఎవర్నడిగినా మీ తలుపే చూపిస్తున్నారు."

"పీనుగు లేస్తే చూపించే తలుపది. మీరు చూస్తే నిక్షేపంలా ఉన్నారు. నాతో ఏం పని?"

రిమ్మర్ నవ్వాడు. "నాక్కావలసింది కూడా పోయినవాళ్ళేనమ్మా. సర్కారు పుస్తకంలో లార్క్ గొంది అని మాత్రం ఉంది. ఏ ఇంట్లో పోయారో లేదు. నాకు ఇంటింటా తెలియాలి. ఎంతవరకు గుర్తుంటే అంతవరకు చెప్పండి."

డోర్కస్ ఇస్త్రీ పెట్టె పొయ్యి మీంచి దించి, బల్ల మీద బట్టలు పక్కకి నెట్టి, అతన్ని కూర్చోమంది. రిమ్మర్ అట్ట మీద కాగితం పరిచి గొందిని గీశాడు. ఇటు నాలుగు గడులు, అటు నాలుగు, ముందు రెండు. "ఒకటో నంబరు నుంచి మొదలుపెడదామా?" అన్నాడు. ఆమె మొదలుపెట్టింది.

పది నిమిషాల్లో అయిపోతుందనుకున్నాడు కాబోలు. మధ్యాహ్నం దాటింది. ఆమె ఒక్కో ఇంటి తలుపు మనసులో తోసుకుని లోపలికి వెళ్ళి, ఏ గదిలో ఎవర్ని కడిగిందో చెప్పుకుంటూ వచ్చింది. పేరు, వయసు, ఏ రోగం, ఎండాకాలమా చలికాలమా. ఒక్కో పేరుకి రిమ్మర్ ఆ ఇంటి గడిలో ఒక నల్ల చుక్క పెట్టాడు. ఎనిమిదో నంబరుకి వచ్చినప్పుడు ఆమె గొంతేమీ మారలేదు. మూడు పేర్ల దగ్గర మాత్రం అతని కలం కాసేపు ఆగింది. తర్వాత చుక్కలు పెట్టాడు.

అంతా అయ్యాక కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు. "మీకు చదువు రాకపోయినా ఇది అర్థమవుతుందమ్మా, చూడండి."

డోర్కస్ చూసింది. వీధి వైపు రెండు గడులూ తెల్లగా ఉన్నాయి. ఒకటి, రెండు గడుల్లో చెదురుమదురుగా చుక్కలు. మూడు, నాలుగులో ఇంకొన్ని. లోపలికి వచ్చేకొద్దీ చిక్కబడుతూ, ఏడు, ఎనిమిదికి వచ్చేసరికి కాగితం కనిపించడం లేదు. మసి పూసినట్టుంది. ఆమె ఆ మసి మీద వేలు పెట్టింది. తను కూర్చున్నది సరిగ్గా అక్కడే.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒక్కో చావూ ఆమెకి విడివిడిగానే తెలుసు. ఇది జ్వరం, అది దగ్గు, ఇంకోటి పుట్టుకలోనే. ప్రతిసారీ దేవుడి చిత్తమనే అనుకుంది. అవన్నీ కలిసి ఒక ఆకారం కట్టి ఉన్నాయని ఏనాడూ తోచలేదు. ఎన్నో ఏళ్ళు చీకట్లో తడుముకున్న వస్తువు మీద ఎవరో దీపం పట్టినట్టనిపించింది.

"దేవుడికి ఎనిమిదో నంబరంటే అంత కోపమెందుకో," అంది.

"రండి, చూపిస్తాను," అని రిమ్మర్ లేచాడు.

వీధిలోకి తీసుకెళ్ళి, ఒక ముతక కాగితం చుట్టి కొస అంటించి, మంట ఊదేశాడు. పొగ ఎవరో తరుముతున్నట్టు వీధి వెంట పరుగెత్తింది. అదే కాగితాన్ని సొరంగంలోంచి లోపలికి పట్టుకొచ్చాడు. మూడో నంబరు దగ్గర పొగ నెమ్మదించింది. డోర్కస్ గుమ్మం ముందుకి వచ్చేసరికి తాడు వేలాడదీసినట్టు నిట్టనిలువుగా నిలబడిపోయింది. ఇటూ కదల్లేదు, అటూ కదల్లేదు. గొందిలో ఆడవాళ్ళు తలుపుల్లోకి వచ్చి చూశారు. అక్కడి గాలి నిన్నటిదో, కిందటి వారానిదో, ఎవరి ఊపిరితిత్తుల్లోంచి వచ్చిందో. తామంతా దాన్నే పీలుస్తున్నారు.

డిసెంబరులో నగర న్యాయసభలో విచారణ. ఇళ్ళ సొంతదారు ఓబడయా క్రంప్ అభ్యంతరం పెట్టాడు. రిమ్మర్ వచ్చి సాక్ష్యం చెప్పమంటే డోర్కస్ మూడు రోజులు ఊగిసలాడి ఒప్పుకుంది. హనోరా తన మంచి శాలువా తెచ్చి కప్పి, "గొణక్కు, అరిచి చెప్పు," అని పంపింది.

ఆ మందిరంలో స్తంభాలు ఎంత ఎత్తున్నాయంటే పైకప్పు చూడబోతే మెడ పట్టేసింది. పన్నెండుమందికి పైగా పెద్దమనుషులు జూరీగా కూర్చున్నారు. డోర్కస్ మొదట గమనించింది వాళ్ళ చేతులు ఎంత శుభ్రంగా ఉన్నాయో. క్రంప్ తరఫు వకీలు లేచాడు.

"నీకు రాయడం, చదవడం వచ్చా?"

"రాదయ్యా."

"కానీ నూట పద్నాలుగు పేర్లు గుర్తున్నాయంటావు. మా ఇంటి వంటమనిషి పేరు నాకే గుర్తుండదు."

కొందరు నవ్వారు.

"ఆవిడ ఒళ్ళు మీరు కడగలేదు కదయ్యా," అంది డోర్కస్. "కడిగిన మొహం ఎవరూ మర్చిపోరు."

నవ్వులు ఆగిపోయాయి. న్యాయసభ గుమాస్తా ముందున్న చావుల పుస్తకం వైపు వకీలు చెయ్యి చూపించాడు. "అయితే పరీక్షిద్దాం. పద్దెనిమిది వందల నలభై ఏడు, జూలై."

"ఆ నెల చాలామంది పోయారయ్యా. ఏ ఇల్లో చెప్పండి."

"ఐదు," అన్నాడు వకీలు, నోటికొచ్చిన అంకె.

"ఐదో నంబరు కింది గది. గారెట్ షీహన్, ఆయన భార్య ఊనా. ఓడ దిగిన పదకొండో రోజు. ముందు ఆయన, రెండ్రోజులకి ఆమె. ఆమె జుట్టు చిక్కు తీయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. పిల్లని కీయో వాళ్ళు తీసుకెళ్ళి పెంచారు."

గుమాస్తా వేలు పేజీ మీద దిగుతూ వచ్చి ఆగింది. తల ఊపాడు.

"పద్దెనిమిది వందల యాభై మూడు, ఫిబ్రవరి."

"ఎనిమిదో నంబరు. జోనస్ హెస్కెత్, నాలుగేళ్ళు, కోరింత దగ్గు. మూడు రోజులకి టాబితా హెస్కెత్, రెండేళ్ళు, అదే దగ్గు."

గుమాస్తా వేలు మళ్ళీ ఆగింది. ఈసారి తలెత్తి ఆమెనే చూశాడు. వకీలు, "హెస్కెత్ అంటే..." అని మొదలుపెట్టాడు.

"నా పిల్లలేనయ్యా," అంది డోర్కస్, మిగతావాళ్ళ పేర్లు చెప్పిన గొంతుతోనే.

వకీలు పుస్తకం మూయమని సైగ చేసి కూర్చున్నాడు. రిమ్మర్ గీసిన కాగితాన్ని జూరీలో పెద్దాయన అడిగి తీసుకున్నాడు. అది ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్ళింది. అంత పెద్ద మందిరంలో ఆ కాగితం చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. డోర్కస్ దానివంకే చూస్తూ నిలబడింది. ఏ సమాధి రాయి మీదా పేరు లేని తన వాళ్ళంతా ఆ తెల్లటి చేతుల్లో ఒక్కొక్కరే ఆగుతూ, చూడబడుతూ వెళ్తున్నట్టు తోచింది. బోను కర్ర గట్టిగా పట్టుకుంది.

తీర్పు ఆ సాయంత్రమే వచ్చింది. వీధి వైపున్న రెండు ఇళ్ళూ గాలికీ వెలుతురుకీ అడ్డం కాబట్టి వాటిని కూల్చాలి.

డోర్కస్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. మెట్ల మీద రిమ్మర్ కోటు పట్టుకుని ఆపింది. "అయ్యా, తప్పు రాశారు. జనం చచ్చేది లోపలి ఇళ్ళల్లో. ముందు ఇళ్ళల్లో ఒక్కరూ పోలేదు. మీ కాగితంలో తెల్లగా ఉన్నవే కదా అవి?"

"తప్పు కాదమ్మా. ఈ గొంది ఒక బుడ్డి, మూతికి బిరడా బిగించి ఉంది. అడుగు పగలగొడదామంటే కార్ఖానా గోడ, దాన్ని ముట్టుకునే హక్కు మాకు లేదు. బిరడా తీయడమొకటే దారి."

"ఆ బిరడాలో మనుషులున్నారయ్యా. హనోరా ఉంది."

రిమ్మర్ తల దించుకున్నాడు. "తెలుసు," అన్నాడు. "చట్టం ఇల్లు తీసేయమంటోంది. వాళ్ళకి ఇంకో ఇల్లు చూపించమని అందులో లేదు. ఉండాలి. నేను పైవాళ్ళకి రాశాను కూడా."

హనోరా సొరంగం దగ్గరే కాచుకుని ఉంది. వార్త డోర్కస్ కన్నా ముందే చేరింది.

"మా ఇంట్లో ఒక్క పీనుగు లేవలేదు," అంది హనోరా. ఎప్పటిలా అరవలేదు. అదే డోర్కస్‌కి ఎక్కువ గుచ్చుకుంది. "నలుగురు పిల్లల్ని చావకుండా పెంచుకున్నాను. అదా నా నేరం? నా శాలువా కప్పుకెళ్ళి నా కొంప కూల్చి వచ్చావు."

"నాకు తెలియదే. నీ మీదొట్టు, నాకు తెలియదు."

"తెలిస్తే ఆ సాక్ష్యం చెప్పకుండా ఉండేదానివా?"

డోర్కస్ నోరు తెరిచింది. ఎనిమిదో గడిలో మసి కళ్ళ ముందుకొచ్చింది. అబద్ధం ఆడలేకపోయింది. హనోరా ఆమె భుజాల మీంచి శాలువా తీసుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

ఇంటివాడికి పరిహారం దక్కింది. అద్దెకున్నవాళ్ళకి మూటలు సర్దుకోవడానికి గడువు దక్కింది. ఏప్రిల్లో హనోరా చేతిబండి మీద మంచం, కుండలు వేసుకుని రేవు దగ్గర ఒక మేడగదికి మారింది. డోర్కస్ మంచం ఒక కొస పట్టుకోబోతే, "నీ చేతులు చావుకి పెట్టుకో," అంది.

మేలో పలుగులు, తాళ్ళు పట్టుకుని కూలీలు వచ్చారు. నాలుగు రోజులు గొంది అంతా సున్నపు దుమ్ము. తలుపులు మూసుకుని లోపలే ఉండండన్నారు. ఐదో రోజు సాయంత్రం సొరంగం మీది గోడకి తాళ్ళు కట్టి లాగారు. పిడుగు పడ్డట్టు మోగింది. ఎనిమిదో నంబరులో అలమారలోని పింగాణీ పళ్ళేలు గలగలలాడాయి. తర్వాత అంతా నిశ్శబ్దం.

డోర్కస్ తలుపు తీసింది. ముందు తెల్లటి దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు. ఆ దుమ్ము కదలడం మొదలుపెట్టింది. ఎవరో పెద్ద చేత్తో పక్కకి తోసినట్టు గొంది పొడుగునా కదిలి, ఆమె మొహం మీదుగా, కార్ఖానా గోడ ఎక్కి, పైకి వెళ్ళిపోయింది. దాని వెనక చల్లగా తారు వాసన, ఉప్పు వాసన. ఇంటి నుంచి ఇంటికి కట్టిన తాళ్ళ మీద ఎవరో తీయడం మరిచిపోయిన చొక్కా ఒకటి వేలాడుతోంది. గొందిలో ఆరేసిన బట్టలు ఎప్పుడూ ఉరేసుకున్నవాళ్ళలా నిటారుగా వేలాడేవి. ఇప్పుడా చొక్కా చేతులు రెండూ చాపి పైకి లేచింది. ఒక ఇల్లాలు దాన్ని చూసి సిలువ గీసుకుంది.

ఆ తర్వాత వెలుగు వచ్చింది. గొంది మూతి పడమటికి. దానికి ఎదురుగా వీధి ఒకటి వాలుగా నది వైపు దిగిపోతుంది. ఆరు గంటల పొద్దు ఆ వాలు మీద తేలుతూ, ఒకప్పుడు రెండు ఇళ్ళున్న చోటు మీదుగా తిన్నగా లోపలికి నడిచి వచ్చింది. ఒకటో నంబరు గడప, మూడో నంబరు గడప, ఐదో నంబరు గడప దాటింది. చివరికి డోర్కస్ కాళ్ళ దగ్గరికి వచ్చి ఆమె పాదాలెక్కింది. ఆమె కదల్లేదు. కదిలితే పోతుందేమోనన్నట్టు ఊపిరి బిగబట్టి నిలబడింది. వెలుగు మోకాళ్ళ దాకా, నడుము దాకా వచ్చింది. అప్పుడు నెమ్మదిగా రెండు చేతులూ చాపి అందులో పెట్టింది. అన్ని మొహాల్ని కడిగిన చేతులు. వాటి మీద ఇన్ని సన్న గీతలున్నాయని ఆమెకే తెలియదు.

ఏడో నంబరులో ముసలి ప్యూ ఉండేవాడు. వేల్స్ మనిషి, ఒకప్పటి నావికుడు, కాళ్ళు పడిపోయి పదకొండేళ్ళు. లోపలినుంచి పిలుస్తున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు వెళ్ళి కుర్చీతో సహా ఎత్తుకొచ్చి బయట పెట్టారు. అతను మొహం పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు.

"నైరుతి గాలి," అన్నాడు.

కళ్ళు తెరిచి వాలు వీధి చివర చూశాడు. ఇళ్ళ కప్పుల మధ్య నది ఒక వెండి ముక్కలా మెరుస్తోంది. దాని మీద తెరచాప కొయ్యలు అడవిలా నిలబడి ఉన్నాయి. ఒకటి మాత్రం కదులుతోంది.

"మూడు కొయ్యల ఓడ. బయటికి పోతోంది," అన్నాడు ప్యూ. "పదకొండేళ్ళు ఇవి ఇంత దగ్గర తిరిగాయా?"

జనమంతా ప్రార్థన జరిగే చోట నిలబడ్డట్టు గడపల్లో అలాగే ఉన్నారు. ఒకామె చంకలో పిల్ల వెలుతురుకి కళ్ళు చికిలించి తుమ్మింది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎంత పాలిపోయి ఉన్నామో మొదటిసారి తెలిసింది. పొద్దు నదిలోకి దిగేదాకా ఒక్కరూ లోపలికి వెళ్ళలేదు.

డోర్కస్ ఆ వారమే రేవు దగ్గరి మేడగదికి వెళ్ళింది. హనోరా తలుపు తీయలేదు. చిన్న కూతురు మెట్ల మీదికొచ్చి, "అమ్మ నిద్రపోతోంది పెద్దమ్మా," అంది. లోపల అడుగుల చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. ఇంకో రెండుసార్లు వెళ్ళింది. అప్పుడూ అలాగే అయింది.

ఆ ఏడాది గొందిలో ఆమెకి రెండుసార్లే పిలుపు వచ్చింది. ఒకటి నెల తక్కువ పుట్టిన బిడ్డకి. రెండోది ముసలి ప్యూకి. కుర్చీలో కూర్చుని ఓడలు చూస్తూ చూస్తూ పోయాడు. అతని మొహం కడుగుతుంటే ఎండకి కమిలిన చర్మం రాగి రంగులో ఉంది. ఆ గొందిలో ఎండ తగిలిన మనిషిని కడగడం ఆమెకదే మొదలు. చలికాలం గడిచింది. జ్వరాలు వచ్చాయి, పిల్లలు పడకేశారు, మళ్ళీ లేచారు. అలా లేవడం డోర్కస్‌కి ఇంకా అలవాటు కాలేదు. ఎవరి దగ్గు వినిపించినా బొచ్చె వైపు చూసేది. పిలుపు వచ్చేది కాదు.

మరుసటి మే నెలలో ఒక సాయంత్రం ఇస్త్రీ చేస్తుంటే గుమ్మంలో నీడ పడింది. హనోరా. ఏడాదిలో సన్నబడింది. నోరు మాత్రం అలాగే ఉంది.

"గాలి వస్తోందని ఊరంతా చెప్పుకుంటుంటే చూద్దామని వచ్చాను. నిన్ను చూడ్డానికి కాదు."

"చూడు," అంది డోర్కస్.

హనోరా వెనక్కి తిరిగి గొంది మధ్య నిలబడింది. పొద్దు అప్పుడే వాలు మీదికి వచ్చింది. ఆడపిల్లలు తాడాట ఆడుకుంటున్నారు. హనోరా వాళ్ళని ఒక్కొక్కరినే చూసింది. ఏడో నంబరు పిల్లలు, ఆరో నంబరు పిల్లలు. ఆ వయసుకి ఆ ఇళ్ళల్లో అంతమంది పిల్లలు ఎప్పుడూ లేరని ఆమెకీ తెలుసు.

"వీళ్ళంతా ఇక్కడివాళ్ళేనా?" అంది.

"ఇక్కడివాళ్ళే."

"అందరూ?"

"అందరూ. నెల తక్కువ పసిగుడ్డు తప్ప ఒక్క పిల్లా పోలేదు."

హనోరా శాలువా కొసతో ముక్కు తుడుచుకుంది. "నిన్ను క్షమించానని అనుకోకు."

"అనుకోనులే."

"రేవు దగ్గర గది మంచిదే. ఎలకలున్నాయి గాని, కిటికీలోంచి నీళ్ళు కనిపిస్తాయి." ఆమె తిరిగి డోర్కస్ ఇంటివైపు చూసి మొహం చిట్లించింది. "ఏమే, ఆ కిటికీ ఏమిటే అలా ఉంది? ముప్పై ఏళ్ళ మసి. ఊరందరినీ కడిగావు, నీ కిటికీ ఒక్కటి కడుక్కోలేదా?"

డోర్కస్ వెనక్కి తిరిగి చూసింది. నిజమే. ఏడాదిగా వెలుగు వైపే చూస్తూ కూర్చుంది గాని, ఆ వెలుగు పడే చోటు చూడలేదు. అద్దం మీద మసి గోరు పెడితే దిగేంత మందాన ఉంది. నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది.

"నవ్వు చాలించి నీళ్ళు పట్టుకురా," అంది హనోరా, జాకెట్టు చేతులు పైకి మడుచుకుంటూ.

డోర్కస్ కుళాయి దగ్గర బొచ్చె నింపుకొచ్చింది. ఒకరు లోపల, ఒకరు బయట నిలబడి, పొద్దు పోకముందే అయిపోవాలని చెరో గుడ్డతో రుద్దడం మొదలుపెట్టారు.